తొట్టి వెనక తగిలించే రెఫ్యూజియం: వాడి చూసిన తరువాత

ఉప్పునీటి అక్వేరియం కింద సంప్ (తొట్టి నీరు దిగి శుభ్రమై తిరిగి పైకి వెళ్లే రెండో తొట్టి) పెట్టుకునే చోటు లేనివారికి రెఫ్యూజియం, అంటే చేపలకు అందకుండా నాచును, సూక్ష్మ జలచరాలను పెంచే గది, ఏర్పాటు చేసుకోవడానికి ఉన్న సులువైన దారి, ప్రధాన తొట్టి వెనక అద్దానికి తగిలించే పెట్టె. ఈ సమీక్ష అలాంటి ఒక పెట్టె గురించి. సుమారు 10 లీటర్ల నీళ్లు పట్టే యాక్రిలిక్ పెట్టె, అందులోకి నీరు ఎక్కించే చిన్న పంపు, పైన బిగించుకునే ఎల్‌ఈడీ దీపం మూడూ కలిపి ఒకే సెట్‌గా అమ్ముతారు. తయారీ సంస్థ పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఈ తరహా పెట్టెలు ఎవరు చేసినా నిర్మాణం దాదాపు ఒకటే కాబట్టి, ఇక్కడ చెప్పే గుణదోషాలు ఒక సంస్థవి కావు, ఆ నిర్మాణానివి. దీన్ని నేను 200 లీటర్ల తొట్టికి వాడుతున్నాను. అందులో లైవ్ రాక్ (బాక్టీరియా, చిన్న జీవులు కాపురమున్న సముద్రపు రాయి), మెత్తని పగడాలు, కొన్ని చిన్న చేపలు ఉన్నాయి. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. సూక్ష్మ జలచరాలను పెంచే చోటుగా ఈ పెట్టె చాలా మంచిది. నైట్రేట్ తగ్గించే సాధనంగా మాత్రం ప్యాకింగు అట్టమీద రాసినంత గొప్పది కాదు. ఆ రెండో పని కూడా దీనిచేత చేయించవచ్చు గాని, అందుకు దీపం మార్చాలి, నాచును క్రమం తప్పకుండా కోసి తీసేయాలి.

రెఫ్యూజియం సూత్రం తెలిసినవారు ఈ పేరా దాటేయవచ్చు. ప్రధాన తొట్టి నీటితోనే నడుస్తూ, చేపలు చొరబడలేని ఒక వేరు గదిలో సముద్రపు నాచును, చిన్న రాతిముక్కలను ఉంచి దీపం కింద పెంచడమే ఈ ఏర్పాటు. చేపలు వదిలేసిన మేత, వాటి విసర్జన కుళ్లి అమ్మోనియా అవుతాయి. బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో ఆ మార్పు అక్కడితో ఆగిపోతుంది కాబట్టి నైట్రేట్ పేరుకుంటూ పోతుంది. మేతలోని భాస్వరం కూడా ఫాస్ఫేట్ రూపంలో అలాగే మిగిలిపోతుంది. ప్రధాన తొట్టిలో రాళ్లమీద వెంట్రుకల్లా మొలిచే ఆకుపచ్చ నాచుకు ఈ రెండే ఆహారం. మనకు అక్కరలేని చోట అది పెరగకముందే, మనం ఎంచుకున్న చోట, మనం ఎంచుకున్న నాచును బలంగా పెంచి ఆ ఆహారాన్ని దానికి అందించాలన్నది ఆలోచన. ప్రొటీన్ స్కిమ్మర్ సేంద్రియ పదార్థాన్ని కుళ్లకముందే నురగతో లాగేస్తుంది గాని, ఒకసారి నైట్రేట్‌గా మారినదాన్ని తీయలేదు. అందుకని స్కిమ్మర్ ఉన్న తొట్టికి కూడా రెఫ్యూజియం అనవసరం కాదు.

పెట్టె కట్టుబడి గురించి ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు. యాక్రిలిక్ మందంగా ఉంది, అతుకులు శుభ్రంగా ఉన్నాయి, నీరు నింపి విడిగా ఉంచి చూసినప్పుడు ఎక్కడా చెమ్మ కనిపించలేదు. అయితే నీళ్లు, రాతిముక్కలు నిండాక దాని బరువు 10 కిలోలు దాటుతుంది, అదంతా వెనక అద్దం పై అంచు మీదే పడుతుంది. పైన ఫ్రేము ఉన్న తొట్టికి దీనివల్ల ఇబ్బంది లేదు. ఫ్రేము లేని పలుచని అద్దపు తొట్టికి తగిలించే ముందు మాత్రం అద్దం మందం చూసుకుని, తొట్టి చేసినవారిని అడిగి తీరాలి. పెట్టె అడుగున రెండు మరలు ఉంటాయి. వాటిని తిప్పుతూ పెట్టెను నిటారుగా నిలపాలి. రసమట్టం పెట్టి చూసుకోవడం మంచిది, ఎందుకంటే పెట్టె కొద్దిగా వెనక్కి వాలినా లోపలి నీరు వెనక అంచుదాకా వచ్చేస్తుంది. గోడకూ తొట్టికీ మధ్య పెట్టె వెడల్పు మాత్రమే కాక, మరో చేయి దూరేంత ఖాళీ ఉండాలి. లేకపోతే దీపం బిగించడం, నాచు తీయడం రెండూ కష్టమే. ఈ కొలత సెట్‌తో వచ్చిన కాగితంలో లేదు, ఉండవలసింది.

నీరు నడిచే దారి ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం. పంపు ప్రధాన తొట్టిలో ఉండి నీటిని పెట్టెలోకి ఎక్కిస్తుంది, పెట్టె నిండాక నీరు వెడల్పైన మూతి మీదుగా తనంత తానే తొట్టిలోకి జారుతుంది. పెట్టెలో పుట్టిన జీవులు తొట్టిలోకి వెళ్లే దారిలో పంపు రెక్కలు తగలవు. సంప్‌లోని రెఫ్యూజియం నుంచి అవి పైకి రావాలంటే నీటిని తొట్టిలోకి తిరిగి పంపే రిటర్న్ పంపు గుండా రాక తప్పదు. అలా వచ్చినవాటిలో చాలామటుకు బతికే ఉంటాయన్నది నిజమే అయినా, ఇక్కడ ఆ గండమే లేదు. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు కూడా పెట్టె నీరు పెట్టెలో, తొట్టి నీరు తొట్టిలో నిలిచిపోతాయి. దీనికి ఒక షరతు ఉంది. పంపు గొట్టం చివర పెట్టెలోని నీటిలో లోతుగా మునిగి ఉంటే, పంపు ఆగగానే నీరు అదే గొట్టం ద్వారా వెనక్కి జారి, ఆ చివరి మట్టందాకా పెట్టె ఖాళీ అవుతుంది. తొట్టి అంచుదాకా నిండి ఉంటే ఆ నీరు నేలపాలవుతుంది. సెట్‌తో ఇచ్చిన గొట్టం సరిగ్గా అలా అడుగుదాకా దిగేలా ఉంది. నీటిమట్టం దగ్గర ఆ గొట్టానికి చిన్న రంధ్రం చేస్తే గాలి చొరబడి లాగుడు ఆగిపోతుంది. లేదా గొట్టాన్ని పొట్టిగా కోసి నీటిమట్టానికి పైనే ఉంచవచ్చు.

నీటి దారిలో ఉన్న అసలు లోపం బయటికి పోయే మూతి దగ్గర ఉంది. నాచు తొట్టిలోకి కొట్టుకుపోకుండా అక్కడ పళ్ల జాలీ పెట్టారు. నాచు పోగులు దానికి చుట్టుకుంటే నీరు పోయే దారి తగ్గుతుంది, పంపు మాత్రం ఎక్కిస్తూనే ఉంటుంది, పెట్టెలో మట్టం పెరుగుతుంది. అలాంటప్పుడు అదనపు నీరు తొట్టిలోకే పోయేలా జాలీకి పైన మరో చీలిక ఉంచడం తయారీదారుకు పెద్ద పని కాదు. అది లేనందువల్ల పొంగిన నీరు పెట్టె వెనక అంచు మీదుగా గోడ వైపు పోయే ప్రమాదం ఉంది. గళ్ల ప్లాస్టిక్ పలకను కోసి జాలీకి నాలుగు వేళ్ల దూరంలో అడ్డంగా నిలబెడితే నాచు అవతలే ఉండిపోతుంది. నేను మొదటి నుంచీ అలాగే వాడుతున్నాను. ఈ పెట్టె కొనేవారెవరైనా దీపం వెలిగించడానికంటే ముందు చేయవలసిన పని ఇది.

పంపు గంటకు సుమారు 300 లీటర్లు ఇస్తుందని దాని మీద రాసి ఉంది, అంటే పెట్టెలోని నీరు గంటకు 30 సార్లు మారుతుంది. రెఫ్యూజియంలో నీరు మెల్లగా పారాలన్న సలహా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. నాచు విషయంలో నేను దాన్ని ఒప్పుకోను. నాచు పోగు చుట్టూ కదలని నీటి పొర పలుచగా అంటుకుని ఉంటుంది. ప్రవాహం బలంగా ఉన్నకొద్దీ ఆ పొర సన్నబడి, నైట్రేట్, ఫాస్ఫేట్ పోగును త్వరగా చేరతాయి. బలమైన ప్రవాహంలో మడ్డి కూడా తక్కువ పేరుకుంటుంది. సూక్ష్మ జలచరాలకు నిమ్మళమైన చోటు కావాలన్నది నిజమే, కానీ ఆ చోటు రాతిముక్కల సందుల్లోనూ నాచు ముద్ద లోపలా వాటికి దొరుకుతుంది. పంపు వేగాన్ని తగ్గించే మర ఉన్నా దాన్ని పూర్తిగా తెరిచే ఉంచాను.

ఇక దీపం. సెట్‌లో వచ్చినది 5 వాట్ల తెల్లని ఎల్‌ఈడీ. దాని కింద కీటోమార్ఫా నాచు చావలేదు, రంగు కూడా పెద్దగా పోలేదు, కానీ పెరగలేదు. పెరగని నాచు నీటిలోంచి ఏమీ తీసుకోదు కాబట్టి, నైట్రేట్ తగ్గించే పెట్టెగా అమ్ముతున్న వస్తువుకు ఇంత బలహీనమైన దీపం జతచేయడం న్యాయం కాదు. క్లోరోఫిల్ ప్రధానంగా నీలం, ఎరుపు కాంతులను గ్రహిస్తుంది. అందుకే మొక్కల పెంపకానికి అమ్మే దీపాల్లో 450, 660 నానోమీటర్ల దగ్గరి ఎల్‌ఈడీలు ఎక్కువగా ఉంటాయి. అలాంటి 20 వాట్లకు పైబడిన దీపాన్ని దీని స్థానంలో బిగించిన తరువాత నాచు ముద్ద వారం వారానికీ కళ్లకు కనిపించేంతగా ఎదిగింది. ఊదా వెలుగు చూడలేనివారు బలమైన తెల్లని దీపమైనా వాడవచ్చు. 6500 కెల్విన్ దగ్గరి, పగటి వెలుగులాంటి తెలుపు ఈ పనికి బాగా సరిపోతుంది. రంగు కంటే బలం ముఖ్యం. బలం పెంచాక కూడా ఒక సంగతి గమనించాలి. నాచు ముద్ద దట్టమైనకొద్దీ పై పొర కింది పొరకు నీడ అవుతుంది, కింది సగం పాలిపోయి విరిగి, తాను దాచుకున్నదంతా తిరిగి నీటిలోకే వదులుతుంది. వారానికొకసారి ముద్దను తిరగేసి వదులు చేయడం వల్ల దీన్ని చాలావరకు ఆపవచ్చు. తొట్టి వైపున్న పెట్టె గోడకు నల్లని కాగితం అతికిస్తే రెఫ్యూజియం వెలుగు ప్రధాన తొట్టిలోకి పడదు, వెనక అద్దం మీద అక్కరలేని నాచు మొలవదు. దీపానికి నీటి తుంపర తగలకుండా పైన పారదర్శకమైన మూత ఉండాలి. కరెంటు తీగను ప్లగ్గుకంటే కిందికి వేలాడేలా వంచి ఉంచాలి, అప్పుడు తీగ వెంట జారిన ఉప్పునీరు ప్లగ్గుకు చేరకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

నైట్రేట్ విషయంలో అట్టమీది మాటలకంటే చిన్న లెక్క ఎక్కువ ఉపయోగపడుతుంది. కోసిన నాచును గట్టిగా పిండి తూస్తే 100 గ్రాములు ఉందనుకుందాం. అందులో పొడి పదార్థం పదో వంతు అనుకుంటే 10 గ్రాములు. సముద్రపు నాచుల పొడి బరువులో నత్రజని సాధారణంగా 1 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. మధ్యస్థంగా 3 శాతం తీసుకుంటే 0.3 గ్రాము. నైట్రేట్ బరువు 62 వంతులైతే అందులో నత్రజని 14 వంతులు కాబట్టి, 0.3 గ్రాము నత్రజని అంటే సుమారు 1.3 గ్రాముల నైట్రేట్. 200 లీటర్ల నీటిలో అది 6.6 పీపీఎం (లీటరుకు 6.6 మిల్లీగ్రాములు). అంటే 100 గ్రాముల నాచును కోసి పారేసిన ప్రతిసారీ నా తొట్టిలోంచి అంత నైట్రేట్ బయటికి పోతున్నట్టు లెక్క. తక్కువేమీ కాదు. కానీ ఈ 10 లీటర్ల పెట్టెలో, బలమైన దీపం కింద, ఒక్కో కోతకు అంత నాచు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది; ఈలోగా చేపల మేత కొత్త నైట్రేట్‌ను తెస్తూనే ఉంటుంది. నా తొట్టిలో అంతకుముందు 20 దాటి ఉండే నైట్రేట్ ఇప్పుడు 10 లోపు నిలకడగా ఉంది, నీరు మార్చడం మాత్రం మానలేదు. ఎక్కువ చేపలు, ఎక్కువ మేత ఉన్న తొట్టికి ఇంత చిన్న పెట్టె చాలదు. రెఫ్యూజియం తొట్టి పరిమాణంలో కనీసం పదో వంతైనా ఉండాలని అనుభవజ్ఞులు చెప్పే మాట నా చూపులో సబబైనదే, ఈ పెట్టె అందులో సగమే.

ఫాస్ఫేట్ ఇంతకంటే నెమ్మదిగా తగ్గుతుంది. సముద్రపు నాచుల మీద 1983లో వెలువడిన ప్రసిద్ధ పరిశీలన ప్రకారం వాటిలో కర్బనం, నత్రజని, భాస్వరం పరమాణువుల సగటు నిష్పత్తి సుమారు 550:30:1. దాన్ని బరువుల్లోకి మారిస్తే నాచు దాదాపు 20 వంతుల నైట్రేట్‌కు 1 వంతు ఫాస్ఫేట్ తీసుకుంటుందన్నమాట. పైగా లైవ్ రాక్, పగడపు ఇసుక ఫాస్ఫేట్‌ను తమ ఉపరితలం మీద పట్టి ఉంచుతాయి. నీటిలో అది తగ్గగానే కొంత తిరిగి వదులుతాయి. పాత రాళ్లున్న తొట్టిలో పరీక్ష అంకె కదలకపోతే పెట్టె పని చేయడం లేదని తొందరపడి అనుకోకూడదు.

నాచు నైట్రేట్‌ను తనలో దాచుకోవడం వేరు, తొట్టిలోంచి నైట్రేట్ పోవడం వేరు. ఈ తేడా గుర్తించకపోవడం వల్లే చాలామంది రెఫ్యూజియం పెట్టి నిరాశపడతారని నా అభిప్రాయం. కోసి బయట పారేసినప్పుడే ఆ నత్రజని తొట్టికి దూరమవుతుంది. ముద్ద పెట్టెనంతా నింపేదాకా ఊరుకుంటే పెరుగుదల ఆగిపోతుంది. మూడో వంతో సగమో తీసేసి మిగతాదాన్ని వదులుగా పరిస్తే మళ్లీ పుంజుకుంటుంది. పెట్టె మూత వెడల్పుగా తెరుచుకోవడం, చేయి అడుగుదాకా దూరడం వల్ల ఈ పని ఇందులో సులువుగా జరుగుతుంది. ఇలాంటి పెట్టెల్లో కొన్నింటికి పైన ఇరుకైన చీలిక మాత్రమే ఉంటుంది, వాటిని కొనవద్దని గట్టిగా చెబుతాను.

ఇప్పుడు ఈ పెట్టె నిజంగా రాణించే పనికి వద్దాం. కోపెపాడ్‌లు, ఆంఫిపాడ్‌లు అనే రొయ్య వర్గపు అతి చిన్న జీవులు ప్రధాన తొట్టిలోనూ ఉంటాయి గాని, చేపలున్న చోట వాటి సంఖ్య నిలదొక్కుకోదు. కోపెపాడ్ గుడ్డులోంచి వచ్చాక ఆరు నాప్లియస్ (లార్వా) దశలు, ఐదు కోపెపొడైట్ (పిల్ల) దశలు దాటితేనే పెద్దదై గుడ్లు పెట్టగలుగుతుంది. తిరుగుతూ ఏరుకుతినే చేప ఒక్కటి ఉన్నా ఆ దశలన్నీ దాటేవి కొన్నే. వాటికి వేటాడే నోరు లేని చోటు కావాలి. నాచు పోగుల చిక్కు, గరుకైన రాతిముక్కలు, వాటిమీద పలుచగా పట్టే సూక్ష్మ నాచులైన డయాటమ్‌లు, బాక్టీరియా పొర, ఇవన్నీ ఈ పెట్టెలో ఒక్కచోటే దొరుకుతాయి. టిస్బే జాతి కోపెపాడ్‌లు నేలను అంటిపెట్టుకుని పాకే రకం కాబట్టి ఇక్కడ బాగా స్థిరపడతాయి. వాటిని తెచ్చి వదిలిన కొన్ని వారాలకు, దీపం ఆరిన సమయంలో ఎర్రని టార్చి వేసి చూస్తే, పెట్టె గోడల మీద తెల్లని చుక్కలు వందల్లో కదులుతూ కనిపించాయి. రాతిముక్క ఎత్తితే ఆంఫిపాడ్‌లు చెదిరి పరుగెత్తుతాయి. ఆ తరువాత ప్రధాన తొట్టిలో చేపల ప్రవర్తన కూడా మారింది. పెట్టె మూతి కింద నీరు పడే చోట అవి కాచుకుని ఉండి, మనకు కనిపించనిదేదో పట్టి తింటూ ఉంటాయి. మేత వేసే వేళల మధ్య కూడా చేపకు సహజమైన ఆహారం అందుతున్నదని కళ్లారా చూడడం నాకు ఈ అభిరుచిలో దొరికిన పెద్ద సంతోషాల్లో ఒకటి.

అయితే మాండరిన్ చేపను పోషించగల పెట్టె అని అట్టమీద వేసిన మాటను నమ్మి ఆ చేపను కొనకండి. సించిరోపస్ స్ప్లెండిడస్ అనే శాస్త్రీయ నామం గల ఈ చేప పగలంతా రాళ్ల సందుల్లో ఒక్కొక్క కోపెపాడ్‌నూ ఏరుకుని తింటుంది. ఈ జాతిలో చాలా చేపలు మనం వేసిన మేతను ముట్టవు. 10 లీటర్ల పెట్టె దానికి తోడ్పడుతుంది, అంతే. అసలు ఆహారం పెద్ద తొట్టిలోని పాతబడిన లైవ్ రాక్ నుంచే రావాలి. ఆకలితో మెల్లగా చిక్కిపోయి చనిపోయే మాండరిన్‌లు ఎన్నో ఉన్నాయి, అలాంటి ప్రాణికి సంబంధించిన వాగ్దానాన్ని ఇంత తేలికగా ముద్రించడం నన్ను బాధపెట్టింది.

పీహెచ్ మీద ప్రభావం చిన్నదే అయినా కొలవగలిగినంత ఉంది. ప్రధాన తొట్టి దీపాలు వెలిగినంతసేపు కిరణజన్య సంయోగక్రియ నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. రాత్రి జీవులన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి గనక అది పడిపోతుంది. రెఫ్యూజియం దీపాన్ని తొట్టి దీపాలు ఆరాక వెలిగించి తెల్లవారాక ఆపితే ఆ రాత్రి పతనం కొంత తగ్గుతుంది. టైమరు సెట్‌తో రాదు, విడిగా కొనుక్కోవాలి. నేను రాత్రి మొదలుపెట్టి 14 గంటలు వెలిగిస్తాను. ఇల్లు మూసి ఉండి గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే రోజుల్లో మాత్రం ఏ రెఫ్యూజియం కంటే కిటికీ తెరవడమే ఎక్కువ మేలు చేస్తుంది.

ఏ నాచు పెట్టాలన్న ప్రశ్నకు ఈ పెట్టె వరకు నా సమాధానం కీటోమార్ఫా. అది రాళ్లకు అతుక్కోదు, వేళ్లు లేవు, పిడికెడు తీస్తే పిడికెడు వస్తుంది. ఎర్రని గ్రాసిలేరియా తక్కువ వెలుగులోనూ బతుకుతుంది, నాచు తినే చేపలకు మంచి మేత అవుతుంది గాని, పెరుగుదల నెమ్మది. కాలెర్పా వేగంగా పెరుగుతుంది, అందంగా ఉంటుంది, అయినా వద్దంటాను. ఎంత పొడవున్నా దాని మొక్కంతా లోపల అడ్డుగోడలు లేని ఒకే కణం. బీజకణాలు విడుదల చేసేటప్పుడు తనలోని పదార్థమంతా ఒక్కసారిగా నీటిలోకి వదిలి చనిపోతుంది. చిన్న తొట్టిలో అలా జరిగితే నీరు మసకబారి, ఆక్సిజన్ పడిపోయి, అప్పటిదాకా దాచుకున్న పోషకాలన్నీ ఒక్క పూటలో తిరిగి వస్తాయి. దాని విస్తరణ శక్తి అక్వేరియం బయట కూడా నష్టం చేసింది. 1984లో మొనాకో తీరంలో సముద్రశాస్త్ర మ్యూజియం కింద చిన్న మచ్చగా కనిపించిన కాలెర్పా టాక్సిఫోలియా తరువాత మధ్యధరా సముద్రంలో విస్తారంగా పాకింది. 2000లో కాలిఫోర్నియా తీరపు మడుగుల్లో కనిపించిన దాన్ని నిర్మూలించినట్టు ప్రకటించడానికి 2006 దాకా పట్టింది. ఏ నాచయినా సరే, కోసినదాన్ని కాలువలోనో సముద్రంలోనో వేయకుండా ఎండబెట్టి పారేయాలి. కొత్తగా తెచ్చిన నాచులో బుడగ నాచు, ఐప్టేసియా (పగడాలను కుట్టే చిన్న సీ అనిమోన్), చిన్న పీతలు దాగి రావచ్చు కాబట్టి, తెల్లని పళ్లెంలో ఉప్పునీరు పోసి పోగు పోగు విడదీసి చూశాకే పెట్టెలో వేయాలి.

నాచు బాగా పెరుగుతున్న తొట్టిలో మరో జాగ్రత్త అవసరం. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ పరీక్షకు అందనంతగా పడిపోతే కీటోమార్ఫా పాలిపోతుంది, పగడాల రంగు తగ్గుతుంది, ఇసుక మీద గోధుమ రంగు జిగురుగా డైనోఫ్లాజెల్లేట్‌లు అనే ఏకకణ జీవులు వచ్చే అవకాశం పెరుగుతుంది. అప్పుడు దీపం వెలిగే సమయాన్ని తగ్గించాలి, లేదా మేత పెంచాలి. సున్నాను లక్ష్యంగా పెట్టుకోవడం పొరపాటు. పోషకాలు ఉండి కూడా నాచు పాలిపోతుంటే ఇనుము, పొటాషియం, మాంగనీస్ తరిగిపోయాయేమో చూడాలి. క్రమంగా నీరు మార్చేవారికి ఈ సమస్య తక్కువగా వస్తుంది. నాచు నీటికి లేత పసుపు రంగు తెస్తుంది, కొద్దిగా యాక్టివేటెడ్ కార్బన్ వాడితే అది పోతుంది.

పెట్టె అడుగున ఇసుక వేయమని సూచన పత్రం చెబుతుంది. ఈ పరిమాణానికి అది అనవసరం. ఆక్సిజన్ అందని పొర ఏర్పడి నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చాలంటే ఇసుక 10 సెంటీమీటర్లకు పైగా ఉండాలి, అంత వేస్తే నాచుకు చోటే మిగలదు. రెండు వేళ్ల మందం ఇసుక మడ్డిని పట్టి ఉంచడం తప్ప ఇంకేమీ చేయదు. రాతిముక్కలు మాత్రమే ఉంచి, నీరు మార్చేటప్పుడు సన్నని గొట్టంతో అడుగు మడ్డిని లాగేయడం శుభ్రమైన పద్ధతి. లాగిన నీటిని బకెట్‌లో కాసేపు ఉంచితే అందులో చిక్కిన ఆంఫిపాడ్‌లను ఏరి తిరిగి పెట్టెలో వేయవచ్చు.

చప్పుడు విషయంలో పంపుది దోషం కాదు, నీరు పడే మూతిది. తొట్టి నీటిమట్టం రెండు వేళ్లు తగ్గినా జలజల శబ్దం వస్తుంది, ఆవిరైన నీటికి బదులు మంచినీరు పోసి మట్టాన్ని నిలబెడితే అది దాదాపు వినిపించదు. మూతి అంచులకు ఉప్పు గడ్డకడుతుంది, తడిగుడ్డతో తుడవాలి. పంపును అప్పుడప్పుడు విప్పి వెనిగర్ కలిపిన నీటిలో నానబెడితే సున్నపు పొర వదిలి ప్రవాహం మళ్లీ మామూలవుతుంది. చేపలకు జబ్బు చేసి రాగి మందు వాడవలసి వస్తే, చేపను వేరే తొట్టికి మార్చే వాడాలి. ఈ పెట్టె నీరు, తొట్టి నీరు ఒకటే కనుక రాగి తగిలితే కోపెపాడ్‌లు, ఆంఫిపాడ్‌లు మిగలవు.

తొట్టి కింద సంప్ పెట్టుకోగలిగినవారు ఈ పెట్టె కొనకండి. అక్కడ ఇంతకు మూడు నాలుగు రెట్ల గది దొరుకుతుంది, బరువు గురించిన బెంగ ఉండదు. నైట్రేట్ ఒక్కటే సమస్య అయినవారు నాచు స్క్రబ్బర్ గురించి ఆలోచించడం మేలు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అభివృద్ధి చేసి 1982లో పేటెంటు పొందిన ఆ పద్ధతిలో, నీరు పలుచగా పారే గరుకు తెర మీద బలమైన వెలుగు కింద నాచు పెరుగుతుంది, తక్కువ చోటులో ఎక్కువ కోత వస్తుంది, కానీ జలచరాలకు ఇంత ఆసరా ఉండదు. చిన్న, మధ్యరకం తొట్టి ఉండి, కింద చోటు లేక, తమ చేపలకు సజీవమైన ఆహారం పుట్టే చోటు కావాలనుకునేవారికి ఈ పెట్టెను సంతోషంగా సూచిస్తాను. ఒకే తయారీలో రెండు పరిమాణాలుంటే, అద్దం మోయగలిగినంతలో పెద్దదే తీసుకోండి. దీపం లేకుండా పెట్టె, పంపు మాత్రమే అమ్మే సెట్ దొరికితే ఇంకా మంచిది, ఎలాగూ దీపం వేరేదే కొనాలి. కొనేముందు పంపు, పళ్ల జాలీ విడిగా దొరుకుతాయో లేదో అడగండి; ముందుగా అరిగేదీ, ముందుగా విరిగేదీ ఆ రెండే.